సున్నాలు వేయకముందే: పల్లెటూరి పాత చర్చి చరిత్రనూ, అందులోని సామగ్రినీ నమోదు చేసే పద్ధతి

తెలుగు పల్లెల్లో నూరేళ్ళ వయసున్న ప్రార్థనాలయాలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. సంఘం పెరిగింది, ఆదివారం పూట జనం గుమ్మం బయట నిలబడుతున్నారు, స్లాబు వేసిన పెద్ద మందిరం కావాలని పెద్దలు కోరుకుంటున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే గోడలు దించే రోజున శిలాఫలకం మట్టిలో కలిసిపోతోంది, తాతలనాటి బల్ల పాత కలప కింద అమ్ముడుపోతోంది, బాప్తిస్మ రిజిస్టరు ఎవరి ఇంటి అటక మీదకో చేరి చెదల పాలవుతోంది. కూల్చని చోట కూడా ఏటా క్రిస్మస్‌కు ముందు వేసే సున్నాలూ రంగులూ రాతి మీది అక్షరాల్లో పూత మీద పూతగా నిండి, కొన్నేళ్ళకు వాటిని చదవడానికి వీల్లేకుండా చేస్తున్నాయి.

ఈ గుళ్ళు కట్టుకున్నవారిలో ఎక్కువమంది మాలపల్లె, మాదిగపల్లెల వారు. సమాజం తరతరాలుగా చదువుకు దూరం పెట్టిన మనుషులు. వారు తమ చరిత్రను కాగితం మీద పెట్టుకోలేదు. మిషనరీ దొరలు తమ దేశాలకు పంపిన నివేదికల్లో ఊరి పేరు, చేరినవారి సంఖ్య కనిపిస్తాయి గాని, ఇటుక మోసినవారి పేర్లు అరుదుగా కనిపిస్తాయి. వారి చెయ్యి తగిలిన గుర్తు మిగిలింది గుడిలోని వస్తువుల మీదే. అందుచేత పల్లెటూరి చర్చి చరిత్ర రాయదలచినవారు పుస్తకాలతో కాకుండా వస్తువులతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ముందు గుడి, తరువాత కాగితం, ఆ తరువాత పెద్దల జ్ఞాపకం, చివరికి ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూడటం: ఈ వరుస తప్పకుండా పని చేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పనికి ముందు పాస్టరుగారి అనుమతి, సంఘ పెద్దల అనుమతి నోటిమాటగా కాకుండా సంఘ కమిటీ మినిట్స్ పుస్తకంలో రాయించుకోవడం మంచిది. పెద్ద గీతల నోటు పుస్తకం, పెన్సిలు, కొలత టేపు, టార్చిలైటు, ఫోను ఉంటే సామగ్రి సరిపోతుంది. పాత కాగితాల దగ్గర పెన్ను వాడకూడదు. సిరా చుక్క పడితే పోదు. తాళం చెవి చూసుకునే మనిషిని తప్పక వెంట ఉంచుకోండి. ఏ వస్తువు ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ఊరంతటిలోకీ బాగా తెలిసినవారు సాధారణంగా ఆయనే.

దేన్నీ కదపకుండా చూడటం

మొదటి రోజున ఏ వస్తువునూ కదపవద్దు. గుమ్మం ఏ దిక్కున ఉందో, ప్రభు భోజనపు బల్ల ఏ గోడకు ఆని ఉందో, ప్రసంగ వేదిక మధ్యలో ఉందో పక్కకు ఉందో, బాప్తిస్మపు తొట్టి అసలు ఉందో లేదో ఒక పటం గీసుకోండి. పటం అందంగా ఉండనక్కరలేదు, కొలతలు మాత్రం సరిగా ఉండాలి. గుడి చరిత్రలో సగం ఈ అమరికలోనే దాగి ఉంటుంది.

ఎందుకంటే ఒక్కొక్క మిషను, అంటే విదేశాల నుంచి వచ్చిన ఒక్కొక్క క్రైస్తవ ప్రచార సంస్థ, తన విశ్వాసాన్ని బట్టి గుడిని సర్దుకుంది. తూర్పు గోడ దగ్గర ఎత్తైన మెట్ల మీద బలిపీఠం, దాని ముందు మోకరించడానికి చెక్క కంచె, గుమ్మం దగ్గరగా రాతి బాప్తిస్మపు తొట్టి కనిపిస్తే ఆ గుడి ఆంగ్లికన్ లేదా లూథరన్ సంప్రదాయంలో పుట్టిందని అనుకోవచ్చు. ప్రసంగ వేదిక నడిమధ్యన ఉండి, తొట్టి లేకుండా, ప్రసంగ వేదిక వెనుకనో ఆవరణలోనో, ముంచి బాప్తిస్మమివ్వడానికి మెట్లున్న నీళ్ళ కుండీ ఉంటే అది బాప్టిస్టు సంఘం. కుండీ కూడా లేకపోతే బాప్తిస్మాలు ఏ చెరువులోనో, కాలువలోనో జరిగి ఉంటాయి, ఆ రేవు ఎక్కడో అడిగి తెలుసుకోవాలి. ప్రసంగ వేదికకు ప్రాధాన్యం లేకుండా, రొట్టె విరిచే బల్ల చుట్టూ జనం కూర్చునే ఏర్పాటు బ్రదరన్ సంఘాలది. సాల్వేషన్ ఆర్మీ హాలులో బల్లా ఉండదు, తొట్టీ ఉండదు. ముందు వరుసలో పశ్చాత్తాపంతో మోకరించే బెంచీ ఒకటి, జెండా ఒకటి ఉంటాయి. కతోలిక గుడిలో దివ్యబలి పీఠం, స్వరూపాలు (విగ్రహాలు), గోడల వెంట సిలువమార్గపు 14 స్థలాల చిత్రాలు ఉంటాయి.

మీరు అనుకున్నది సరైనదేనా అని జిల్లాను బట్టి సరిచూసుకోవచ్చు, ఎందుకంటే మిషన్లు చాలావరకు ప్రాంతాలను తమలో తాము పంచుకుని పనిచేశాయి. లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నం చేరి, 1822 నుంచి కడపలో పనిచేసింది. బ్రదరన్ వారు 1836లో వచ్చి గోదావరి డెల్టాలో నర్సాపురం చుట్టూ నిలిచారు. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి నెల్లూరులో, ఆ తరువాత ఒంగోలులో. ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ 1841 నుంచి బందరులో. లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరులో. కెనడియన్ బాప్టిస్టులు 1874 నుంచి కాకినాడలో. వెస్లియన్ మెథడిస్టులు 1879 నుంచి హైదరాబాదులో పని మొదలుపెట్టారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు వీటిలో కొన్ని ఒకటయ్యాయి. కనుక ఇప్పుడు బోర్డు మీద ఉన్న పేరును చూసి గుడి పుట్టుకను నిర్ణయించకూడదు. బోర్డు మారి ఉండవచ్చు గాని, బల్ల నిలిచిన చోటు అంత త్వరగా మారదు.

పెంకు, దూలం, గోడ

పల్లె గుడికి సాధారణంగా మూడు నాలుగు జన్మలుంటాయి. మొదట తాటాకు పాక, వారమంతా బడిగా, ఆదివారం గుడిగా నడిచేది, తరువాత మట్టి గోడలు, ఆ తరువాత ఇటుక, సున్నం, బంగాళా పెంకు, చివరికి స్లాబు. మీరు చూస్తున్నది ఎన్నో జన్మో ముందు తేల్చుకోవాలి. గోడలో రెండు రకాల ఇటుకలు కనిపించినా, మూసేసిన కిటికీ గుర్తు కనిపించినా, నేల మధ్యలో పాత గోడ అడుగు గీతలా తేలినా ఫోటో తీసి, పటంలో గుర్తుపెట్టండి.

పైకప్పు దగ్గర చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. రాలిన పెంకును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే, అచ్చులో పడిన ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. బాసెల్ మిషన్ టైల్ వర్క్స్ వారి పెంకులైతే దాని మీద 1865 అని కూడా ఉంటుంది. ఒక సంఘం వారు ఆ అంకెను చూసి తమ గుడి 1865లో కట్టారని నమ్మి, ముఖద్వారం మీద ఆ సంవత్సరాన్నే పెద్ద అక్షరాలతో రాయించారు. కాని 1865 మంగళూరులో ఆ పెంకుల కర్మాగారం మొదలైన సంవత్సరం. దశాబ్దాల తరువాత చేసిన పెంకుల మీద కూడా అదే అంకె ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ జర్మన్, స్విస్ మిషను ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక, కర్మాగారాలు కామన్వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి. కనుక పెంకు మీద కామన్వెల్త్ అన్న మాట ఉంటే ఆ పెంకు 1919కి ముందుది కాదు. ఇనుప దూలాల మీద కూడా ఇలాగే కంపెనీ పేరు అచ్చు పడి ఉండవచ్చు. టాటా వారి ఉక్కు జంషెడ్‌పూర్‌లో తయారు కావడం 1912లో మొదలైంది. ఆ పేరున్న దూలం అంతకు ముందుది కావడానికి వీల్లేదు. అయితే ఈ ఆధారాలు ఆ పెంకుకూ ఆ దూలానికీ వర్తిస్తాయి గాని గుడి మొత్తానికీ కాదు. పైకప్పు మార్చి ఉండవచ్చు. అందుచేత మీ నోటు పుస్తకంలో “గుడి ఫలానా సంవత్సరానిది” అని రాయకుండా, “ఈ పైకప్పు ఫలానా సంవత్సరం తరువాతిది” అని రాసుకోండి.

ఇటుకల మధ్య ఉన్నది గానుగ సున్నమో సిమెంటో గోరుతో గీరి చూస్తే తెలుస్తుంది. సున్నం గోరుకు పొడిగా రాలుతుంది, లోపల గవ్వ ముక్కలు, బొగ్గు నలుసులు కనిపిస్తాయి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గానుగలో ఆడించిన సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, ఇటుక పొడిగా రాలి పొరలుగా ఊడిపోతుంది. మరమ్మతు చేయదలచిన పెద్దలకు ఈ సంగతి పని మొదలుకాకముందే చెప్పండి.

గుడిని వర్ణించేటప్పుడు మన భాషలో ఉన్న మాటలు వాడటానికి వెనుకాడవద్దు. మొన తేలిన కమాను, గుమ్మటం, మండపం, నడవ, దూలం, వాసం, చూరు అనే మాటలతోనే వర్ణన స్పష్టంగా వస్తుంది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అందులో మసీదులను తలపించే గుమ్మటాలూ, హిందూ దేవాలయాలను తలపించే స్తంభాలూ, తామరపూల చెక్కడమూ ఉన్నాయి. ఈ నేల మీది శిల్ప సంప్రదాయంలోనే క్రైస్తవ ఆరాధన సాగాలన్న తలంపుతో కట్టిన దానిని ఈ నేల మాటలతో వర్ణించడమే సహజం. మీ ఊరి చిన్న గుడిలోనూ గుమ్మపు చెక్క మీద లతలు, నెమళ్ళు ఉండవచ్చు. ఊరి వడ్రంగి తనకు తెలిసిన పనితనాన్నే అక్కడ చూపించాడు.

రాతి మీది అక్షరాలు

శంకుస్థాపన ఫలకం, ప్రతిష్ఠ ఫలకం, స్మారక ఫలకం వేరు వేరు. వీటిలో మొదటి రెండింటి మధ్య ఏళ్ళ తరబడి ఎడం ఉండవచ్చు. ఏది ఏ ఫలకమో, అది గోడలో అసలు చోటనే ఉందా తరువాత తెచ్చి పెట్టారా అన్నది కూడా రాసుకోవాలి.

పూతలతో నిండిన అక్షరాలను గోకవద్దు, యాసిడ్ పోయవద్దు, నూనె రాయవద్దు. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి ఎదురుగా కాకుండా, గోడకు దాదాపు ఆనించి పక్కవాటుగా పట్టండి. పగలు నున్నగా కనిపించిన రాతి మీద ప్రతి గీత పక్కనా సన్నని నీడ లేచి, అక్షరాలు బయటికి వస్తాయి. ఒక స్మారక ఫలకం మీద పగలు “జ్ఞాపకార్థము” అన్న ఒక్క మాట తప్ప ఏమీ కనిపించని చోట, ఎడమ పక్క నుంచి వెలుగు వేయగానే ఒక ఉపదేశి (ఊళ్ళో బోధించే సంఘ సేవకుడు) పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరి ఊరి పేరూ వరుసగా తేలడం నేను చూశాను. కుడి పక్క నుంచి వేస్తే మాత్రం ఊరి పేరు రాలేదు. కనుక నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి నాలుగు ఫోటోలు తీయండి. రాయి గట్టిదైతే పలచని కాగితం పరచి, పైన పెన్సిలు అడ్డంగా రుద్ది ముద్ర తీసుకోవచ్చు. పొరలు లేస్తున్న రాయి జోలికి పోవద్దు.

ఫలకం మీది మాటలను ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా, పంక్తి ఎక్కడ తెగితే అక్కడ తెంపి రాసుకోవాలి. పాత అక్షరాల్లో “దేవుని మహిమకొఱకు” అని ఉంటే “కొరకు” అని దిద్దకండి. కనిపించని అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపవద్దు. సమాధి రాళ్ళకు కూడా ఇదే పద్ధతి.

బల్ల, గిన్నె, గంట, హార్మోనియం

ఇప్పుడు వస్తువులను ఒక్కొక్కటిగా కదపవచ్చు. ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఒక పేజీ కేటాయించి, దాని పేరు, ఉన్న చోటు, దేనితో చేసింది, పొడవు వెడల్పు ఎత్తు, మీద ఉన్న రాత, విరిగిన పగిలిన సంగతులు, ఎవరిచ్చారని చెబుతున్నారో, ఆ మాట చెప్పింది ఎవరో రాయండి. చివరి రెండు విషయాలను కలిపేయవద్దు; ఇచ్చినవారి పేరు ఆ వస్తువు మీద రాసి ఉండటం వేరు, ఎవరో చెప్పగా వినడం వేరు. సంఖ్య చీటీని వస్తువుకు జిగురుతో అంటించకుండా నూలు దారంతో కట్టండి.

చెక్క సామాను అడుగునా వెనుకా చూడటం మరవద్దు. నేను చూసిన ఒక పల్లె గుడిలో ప్రభు భోజనపు బల్లను నలుగురు పట్టి తలకిందులు చేశారు. పైభాగం నూనె, చేతుల తడి తగిలి నల్లగా మెరుస్తోంది. అడుగు పలక మాత్రం నిన్న చిత్రిక పట్టినట్టు లేత టేకు రంగులో ఉంది. దాని మూలన ఉలి మొనతో చెక్కిన రెండు తెలుగు అక్షరాలు, పక్కన కొలతల కోసం వేసుకున్న ఐదు గాట్లు ఉన్నాయి. అక్కడే నిలబడి ఉన్న ఒక పెద్దాయన ఆ అక్షరాలను వేలితో తడిమి, అవి తమ తాతగారి పేరులోని మొదటి అక్షరాలని, ఆయన కూలి తీసుకోకుండా బల్ల చేశాడని ఇంట్లో చెప్పుకునేవారని అన్నారు. ఆ బల్లను దొరగారు మద్రాసు నుంచి తెప్పించారని అంతవరకు ఊరంతా అనుకుంటూ వచ్చింది.

లోహపు పాత్రల దగ్గర నిదానం అవసరం. ద్రాక్షారసపు గిన్నె, రొట్టె పళ్ళెం అడుగున ఇంగ్లీషులో ఈ, పి, ఎన్, ఎస్ అనే నాలుగు అక్షరాలుంటే అది వెండి కాదు, వెండి పూత పూసిన నికెల్ మిశ్రమం. దాన్ని చింతపండుతోనో బూడిదతోనో తోమితే పూత పోయి పసుపచ్చని మచ్చలు తేలతాయి. మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే చాలు. ఒకే పెద్ద గిన్నె ఉందా, చిన్న చిన్న గ్లాసులు పెట్టే పళ్ళెం ఉందా అన్నదీ గమనించండి. చిన్న గ్లాసుల వాడుక 1890ల తరువాత అమెరికా సంఘాల్లో వ్యాపించినది కాబట్టి, అది మీ గుడికి ఎప్పుడు వచ్చిందో, అంతకు ముందు అందరూ ఒకే గిన్నె నుంచి తాగేవారా అని పెద్దలను అడగవచ్చు. అంటరానితనం బలంగా ఉన్న రోజుల్లో ఒకే గిన్నె అందరి పెదవులకూ తగలడం ఎంత పెద్ద మాటో వారు చెప్పగలరు.

గంట మీద పోత పోసినవారి పేరు, ఊరు, సంవత్సరం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికన్ మిషన్ల ప్రాంతాల్లో ట్రాయ్‌లోని మెనీలీ, బాల్టిమోర్‌లోని మెక్‌షేన్ వంటి అమెరికా కర్మాగారాల పేర్లకోసం, ఇంగ్లీషు మిషన్ల ప్రాంతాల్లో లఫ్‌బరోలోని టేలర్, లండన్‌లోని మియర్స్ అండ్ స్టెయిన్‌బ్యాంక్ పేర్లకోసం చూడండి. గంట ఎక్కి చూడవలసి వస్తే ముందు దూలం గట్టిదో కాదో వడ్రంగి చేత చూపించండి. చాలా పల్లెల్లో గంటకు బదులు రైలు పట్టా ముక్కను వేలాడదీసి కొట్టేవారు. దాన్ని కూడా నమోదు చేయాలి, అది గంటకు తక్కువేమీ కాదు.

హార్మోనియం లోపలి చెక్క మీద కలకత్తాలోని ద్వార్కిన్ అండ్ సన్ వంటి తయారీదారుల చీటీ ఉండవచ్చు. కాళ్ళతో తొక్కే పెద్ద వాద్యమైతే, అమెరికాలోని ఎస్టీ కంపెనీ వంటివారు ప్రతిదానికీ వరుస సంఖ్య వేసేవారు కాబట్టి, ఆ సంఖ్యను బట్టి తయారైన సంవత్సరాన్ని దగ్గరగా తెలుసుకోవచ్చు. పాటల పుస్తకాల్లో ముద్రణ సంవత్సరం ఉన్న పేజీతో పాటు, ఖాళీ పేజీల మీద చేతిరాతతో ఉన్న పేర్లను, పెళ్ళి తేదీలను, తాళాల గుర్తులను ఫోటో తీయండి. పురుషోత్తమ చౌదరి వంటి తెలుగు కవుల కీర్తనలున్న పేజీలు ఎక్కువగా నలిగి ఉంటే, ఆ సంఘం ఏవి పాడుకునేదో దాన్ని బట్టే తెలుస్తుంది.

పెట్రోమాక్స్ లైటు, కానుక సంచి, ఈత చాపలు, పలకల బడి నాటి నల్లబల్ల, స్త్రీలు వండే ముందు తీసి దాచిన పిడికెడు బియ్యం పోసే డబ్బా: వీటికి విలువ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బెంచీలు రాకముందు చాపల మీద ఆడవారు ఒక పక్క, మగవారు ఒక పక్క కూర్చున్న గుడి అది. ఉపదేశి జీతంలో ఒక భాగం ఆ బియ్యపు డబ్బా నుంచే వెళ్ళిన ఊళ్ళు ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. గుడికీ, గుడిలోని సామగ్రికీ ఒకే సంవత్సరాన్ని అంటగట్టకండి. మెదక్ కెథడ్రల్ ఇందుకు మంచి ఉదాహరణ. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు మందిరాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కాని అందరూ చూడవచ్చే రంగు అద్దాల కిటికీలు మూడూ ఆ తరువాతివే: క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ మరణం 1958లో వచ్చాయి. గుడికీ చివరి కిటికీకీ నడుమ 34 ఏళ్ళున్నాయి. మీ ఊరి గుడిలో ప్రతి వస్తువుకూ ఇటువంటి సొంత కాలం ఉంటుంది.

కాగితాలు

సంఘంలో ఉండవలసినవి బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, కమిటీ మినిట్స్, కానుకల లెక్కలు. వీటిలో వివాహ రిజిస్టరు ఎక్కువగా మిగిలి ఉంటుంది, ఎందుకంటే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. కానుకల లెక్కలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిజానికి గుడి సామగ్రి చరిత్రకు అంతకు మించిన ఆధారం లేదు. పెంకులకు ఎంత, బండి కూలి ఎంత, వడ్రంగికి ఎంత అన్నది అక్కడే ఉంటుంది. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, నేలకు తగలకుండా పొడి చోట ఉంచండి.

స్థలం పట్టాలో ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) సంఖ్య ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1318 అంటే 1908-09. నిజాం ఏలుబడిలోని ఊళ్ళలో పత్రాలు ఉర్దూలో ఉంటాయి, చదివేవారి సాయం తీసుకోవాలి.

ఊరి బయటి కాగితాల్లో 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్, 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు వంటి ప్రభుత్వ పుస్తకాల్లో మిషన్ల గురించిన భాగాలు ఉంటాయి. మిషను నివేదికలు, ఉత్తరాలు విదేశాల్లో భద్రంగా ఉన్నాయి: చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, లండన్ మిషనరీ సొసైటీవి, వెస్లియన్ వారివి లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో, కెనడియన్ బాప్టిస్టులవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో. బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో మనకు దగ్గరలోనే మంచి భాండాగారం ఉంది. మీ ఊరి పిల్లలెవరైనా లండన్‌లోనో టొరంటోలోనో చదువుకుంటూ ఉంటే వారికి ఒక రోజు పని అప్పగించవచ్చు. వెతికేటప్పుడు ఏలూరును ఎల్లోర్ అని, కాకినాడను కొకనాడ అని, బందరును మసులిపటం అని, కృష్ణను కిస్ట్నా అని ఆ నాటి ఇంగ్లీషు పద్ధతిలో రాసి వెతకాలని వారికి చెప్పడం మరవద్దు.

పెద్దల జ్ఞాపకం

వస్తువుల ఫోటోలు చేతిలో పెట్టుకుని పెద్దల దగ్గరికి వెళ్ళండి. “మన గుడి ఎప్పుడు కట్టారు తాతా?” అని అడిగితే “చాలా పాతదయ్యా” అనే జవాబు వస్తుంది. ఒక ఫోటో చూపించి, “అమ్మమ్మా, మీ పెళ్ళప్పుడు ఈ బల్ల ఇక్కడే ఉందా? పైన తాటాకా, పెంకా?” అని అడిగితే కథ మొదలవుతుంది. ఆమె పెళ్ళి సంవత్సరం రిజిస్టరులో దొరికితే, పైకప్పు కాలం కూడా దొరికినట్టే.

పాతవారు సంవత్సరాలను అంకెలతో చెప్పరు, ఆపదలతో చెబుతారు. “ధాత కరువులో కలిశాం (సంఘంలో చేరాం)” అంటే అది 1876-77లో ధాత నామ సంవత్సరంలో మొదలైన మహా కరువు. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించినదీ, ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగినదీ ఆ కాలంలోనే. బందరు వైపు “ఉప్పెన ముందు” అంటే 1864 నవంబరు 1 నాటిదో, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనో అడిగి తేల్చుకోవాలి. రాతి మీద ఒక్క తెలుగు సంవత్సరం పేరే ఉంటే అది 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తుందని గుర్తుంచుకోండి. బహుధాన్య అంటే 1878-79 కావచ్చు, 1938-39 కావచ్చు. పెంకూ, దూలమూ, లెక్కల పుస్తకమూ ఏ పక్కకు మొగ్గుతున్నాయో చూసి నిర్ణయించాలి.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్త వహించాలి. పాత రిజిస్టర్లలో కులం, పూర్వపు పేరు, తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తరువాత చేసిన సవరణల ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే పరిమితమైనందువల్ల, ఒక పేజీ ఫోటో బయటికి వెళితే ఎవరి ఉద్యోగానికో చదువుకో ఇబ్బంది రావచ్చు. గుడికి సేవ చేసిన పాతతరం వారి పేర్లను కుటుంబాల అంగీకారంతో రాయండి. రిజిస్టరు పేజీలను మాత్రం ఎక్కడా ప్రచురించవద్దు.

సరిచూసి రాయడం, దాచడం

మూడు ఆధారాలూ చేరాక ప్రతి వాక్యం పక్కన అది దేని నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుని రాయండి: రాయి, కాగితం, నోటిమాట. మూడూ కలిసిన చోట నిశ్చయంగా రాయవచ్చు. విడిపోయిన చోట రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టండి. ఒక ఇంటివారు తమ తాత స్థలం ఇచ్చాడని, మరొక ఇంటివారు అందరూ చందాలు వేసుకుని కొన్నారని చెబితే, పట్టా కాగితం దొరికేదాకా ఎవరి మాటనూ కొట్టేయకూడదు. దొరగారి పేరుతో మొదలుపెట్టే అలవాటును మాని, గుడి ఎవరి పెరట్లో, ఏ చెట్టు కింద మొదలైందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉపదేశులు, బైబిలు స్త్రీలు (ఇంటింటికీ వెళ్ళి బైబిలు బోధించిన ఆడవారు), తాపీ మేస్త్రీ, వడ్రంగి, గంట కొట్టే మనిషి, నేల అలికిన ఆడవారు అందరి పేర్లూ దొరికినంత మేరకు చేర్చండి.

పూర్తయిన వస్తువుల పట్టికకు మూడు ప్రతులు తీయించి, ఒకటి గుడిలోని ఇనప్పెట్టెలో, ఒకటి పాస్టరేటు (ఒక పాస్టరు కింది సంఘాల సమూహం) లేదా డయోసిస్ (బిషప్ అధికార పరిధి) కార్యాలయంలో, ఒకటి ఊళ్ళో చదువుకున్న ఒక కుటుంబంలో ఉంచండి. గిన్నె, గంట వంటి విలువైన వస్తువుల ఫోటోలను ఊరి పేరుతో ఫోనుల్లో పంచుకోకండి. దొంగతనాలు అలాగే జరుగుతాయి. కొత్త మందిరం కట్టే పని మొదలైతే పాత ఫలకాన్ని కొత్త గోడలో కనిపించే చోట పెట్టడానికీ, బల్లను వాడుకలో ఉంచడానికీ కమిటీ చేత ముందే తీర్మానం చేయించండి. ప్రతి పేజీ కింద లెక్క చూసినవారి సంతకం, తేదీ ఉండాలి. ఏటా సున్నాల పని మొదలయ్యే ముందటి ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు, ఇద్దరు యువకులు పట్టిక పట్టుకుని ఒక్కొక్క వస్తువునూ చూసి, ఉన్నదాని పక్కన టిక్కు పెట్టి, ఫలకాల మీద ప్లాస్టిక్ కాగితం కట్టాక, అప్పుడు కుంచె ముంచనివ్వండి.